మంచం మీద బావ పేరు

ఆసుపత్రిలో ముప్పై ఆరు రోజులు పడుకున్నది నేను. మంచానికి కట్టిన అట్ట మీద పేరు మాత్రం మా బావది. ఈ ముక్క ముందే చెప్పేస్తే నయం. లేకపోతే దగ్గు గురించీ, జ్వరం గురించీ, నర్సమ్మల మంచితనం గురించీ చెప్పుకుంటూ పోయి, అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి ఏదో వంక పెట్టి తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

నా పేరు నూకరాజు. మల్కాపురంలో అద్దె గదిలో ఉంటాం, నేనూ, నా భార్య సత్యవతీ, ఇంటర్ చదివే మా అమ్మాయీ. పుట్టింది జాలారి ఇంట్లోనే గాని నాకు సముద్రం పడలేదు. తెప్ప ఎక్కితే చాలు, పేగులన్నీ నోట్లోకి వచ్చేసేవి. "ఈడికి సేపలు తినడమే గానీ పట్టడం రాదు" అని మావాళ్లు నవ్వేవారు. అందుకని చిన్నప్పటి నుంచీ ఒడ్డు మీద పనులే చూసుకున్నాను.

మా అక్క నరసమ్మ మొగుడు ఎల్లాజీ. ఆయనే మా బావ. నన్నూ బావా అనే పిలుస్తాడు. ఫైబర్ తెప్పలో వాటా ఉంది, వలకి చెయ్యి వేస్తే ఇద్దరి పని ఒక్కడే లాగేస్తాడు. ఏడో తరగతి వరకు చదివాడు. పేటలో ఆయన ఈడు వాళ్లలో సంతకం వచ్చినవాళ్లు తక్కువ. అందుకే ఆ సంతకమంటే ఆయనకి మహా గర్వం. పేరు చివర కిందికి ఒక గీత లాగి, దాన్ని చేప తోకలాగ రెండు పాయలు చేసి వదిలేవాడు. బ్యాంకులో వేలిముద్ర వేసేవాళ్ల పక్కన నిలబడి, అక్కర్లేకపోయినా పెన్ను అడిగి పుచ్చుకునేవాడు.

ఆరేళ్ల కిందట చేపలు సరిగా పడని ఏడాది ఒకటొచ్చింది. బావ పోర్టు వైపు ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో కూలికి చేరాడు. కాగితాలిచ్చాడు, గేటు పాసు వచ్చింది, జీతంలోంచి కోసే కార్మిక బీమా కూడా ఆయన పేరునే మొదలైంది. పదకొండు రోజులు చేశాడు. పన్నెండో రోజు మా గదికి వచ్చి పాసు నా ఒళ్లో పడేశాడు.

"ఆ బొగ్గు దూళిలో నాను బతకనేను బావా. నా తెప్ప నాకున్నాది. నువ్వెల్తే ఎల్లు" అన్నాడు.

అప్పుడు నాకు పని లేదు. వెళ్లి యార్డు మేస్త్రీని అడిగితే, "కొత్త కాగితాలంటే నెల పడతాది. పేరున్నాది కదా, ఆ పేర్లోనే నిలబడిపో. ఎవుడు సూత్తాడు?" అన్నాడు. మా వైపు ఇదేమీ కొత్త కాదు. అన్న పాసు మీద తమ్ముడు వెళ్తాడు, మావ పాసు మీద అల్లుడు వెళ్తాడు. గేటు దగ్గర తలకాయల లెక్క సరిపోతే చాలు. నెల రోజులకని వెళ్లాను. ఆరేళ్లయిపోయింది.

సంతకం బావే నేర్పాడు. ఒడ్డున తడి ఇసక మీద పుల్లతో గీసి చూపించాడు. నేను గీస్తే అల వచ్చి చెరిపేసేది, మళ్లీ గీసేవాణ్ణి. "తోక సరిగ్గా రానేదురా. సేప బతికుండాల" అని పకపకా నవ్వాడు. సాయంత్రమయ్యేసరికి వచ్చేసింది. ఆ తర్వాత యార్డు రిజిస్టరులో రోజూ ఆ సంతకమే పెట్టాను. యార్డులో నేను ఎల్లాజీని. జీతం బావ ఖాతాలో పడేది, ఏటీఎం కార్డు నా జేబులో ఉండేది. బావ ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు.

ఆ ఆరేళ్లలో ఒక్క రోజు పని మానుకుని వెళ్తే నా పేరున కాగితాలు పెట్టుకోవచ్చు. వెళ్లలేదు. జరిగినన్నాళ్లు జరగనీ అనుకున్నాను. దాన్ని బద్ధకమంటారో, పొగరంటారో మీ ఇష్టం.

మార్చి నెలాఖరు

దగ్గు సంక్రాంతి ముందే పట్టుకుంది. బొగ్గు దగ్గర పనిచేసేవాడికి దగ్గు రాకపోతేనే వింత కదా అని పట్టించుకోలేదు. తర్వాత సాయంత్రాలు జ్వరం. తర్వాత కుడి పక్క నొప్పి, ఎవరో లోపల కూర్చుని మోచేత్తో పొడుస్తున్నట్టు. మార్చి ఆఖరి వారంలో యార్డులో నీళ్ల డ్రమ్ము దగ్గరికి నడుస్తూ కూలబడిపోయాను. లేపుదామని చంకల్లో చేతులు వేసినవాళ్లు, "ఒరే ఎల్లాజీ, ఒల్లు కాలిపోతన్నాదిరా" అన్నారు.

కార్మికుల బీమా ఆసుపత్రికి తీసుకెళ్లారు. సత్యవతి పరుగెత్తుకొచ్చింది, వెనకాలే బావ వచ్చాడు. ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందని, వెంటనే చేర్చుకోవాలని డాక్టరు చెప్పాడు. కార్డు, ఆధార్ జిరాక్సు కావాలన్నారు. బావే తన ఆధార్ తీసి జిరాక్సు చేయించి తెచ్చాడు. జిరాక్సులో మొహం నల్లటి ముద్దలా వచ్చింది. ఆ ముద్ద మా ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. ఇద్దరికీ గెడ్డం ఉంది.

"పేషెంటు పేరు?" అని అడిగారు కౌంటర్లో.

నాకు మాట్లాడ్డానికి ఊపిరి లేదు. నా వెనక నిలబడి బావ, "ఎల్లాజీ అండి" అన్నాడు. తన పేరు తనే తీసి నాకు ఇచ్చేశాడు. నేను కళ్లు మూసుకుని తలూపాను.

ఆ మొదటి రోజు తప్పని నేనిప్పుడు అనుకోను. అప్పుడు నాకు ఒంటి మీద స్పృహ లేదు. నేను సిగ్గుపడేది ఆ తర్వాత జరిగినదానికి.

ఏప్రిల్

చీము తియ్యడానికి పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. దాని రెండో కొస మంచం కింద సీసాలో. దగ్గితే సీసాలో బుడగలొచ్చేవి. బాత్రూముకి వెళ్లాలంటే ఆ సీసా పట్టుకుని నడవాలి. మొదటి గొట్టం సరిగా పని చెయ్యలేదని రెండో వారంలో తీసి ఇంకోటి వేశారు. ఆ నొప్పి గురించి రాయను. కనీసం మూడు వారాలుంచాలని, ఈలోగా కదిలిస్తే ఆపరేషనే గతి అని డాక్టరు చెప్పాడు.

పక్క మంచం మీద డేవిడ్ గారని ఒక క్యాంటీన్ వంటమనిషి ఉండేవారు. షుగరు పుండుతో కాలికి కట్టు. ఆయన భార్య ఫ్లాస్కులో టీ తెచ్చినప్పుడల్లా మూత నిండా పోసి నాకిచ్చేది. మా అక్క నరసమ్మ రోజూ మధ్యాహ్నం రెండు బస్సులు మారి క్యారేజీ తెచ్చేది. చారన్నం, కాస్త వంజరం పులుసు. నేను తింటుంటే మంచం పక్కన నిలబడి, "ముద్ద పెద్దది సెయ్యి, పిట్టలాగ తింతన్నావేటి" అని కసిరేది. తిన్నాక గిన్నెలు కడుక్కుని వార్డు బయట వరండాలో బస్సు టైమయ్యేదాకా కూర్చునేది. ఆ వరండాలో బల్లలు ఎప్పుడూ ఖాళీ ఉండేవి కావు. ఆడవాళ్లు ఒకరికొకరు పేరు తెలియకుండానే పిల్లల్ని అప్పగించి మందులకి వెళ్లొచ్చేవారు.

ఏప్రిల్ సగంలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే రోజులు. రెండు నెలలు తెప్పలన్నీ ఒడ్డు మీదే. తెప్పని పైకి లాగుతుంటే దుంగ జారి బావ కుడి మణికట్టు విరిగింది. నాకు రెండు రోజులు ఎవరూ చెప్పలేదు. మూడో రోజు బావే వచ్చాడు, చెయ్యి మెళ్లో వేలాడేసుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఓలమ్మో, ఏటిది బావా?" అన్నాను.

"ఏటీ నేదు. దుంగ ముద్దెట్టుకుంది" అని నవ్వాడు.

తర్వాత ఒక్కో ముక్కా చెప్పాడు. గవర్నమెంటాసుపత్రికి వెళ్తే కట్టు కట్టారు. ఎముక రెండు చోట్ల విరిగింది, ప్లేటు వెయ్యాలన్నారు. పేదలకి ఉచితంగా వేసే పథకం ఉందని పేరు కంప్యూటర్లో కొట్టి చూస్తే, 'నీకు కంపెనీ బీమా ఉందయ్యా, నీకు ఈ పథకం రాదు, అక్కడికి వెళ్లు' అన్నారు. రూలు అది. సరేనని ఇక్కడికొచ్చాడు.

"కింద కౌంటర్లో నా ఆధార్ సూపిత్తే ఆవిడేటందో తెల్సా? 'ఎల్లాజీ నాలుగో వార్డులో ఉన్నాడు కదయ్యా, నువ్వెవరు?' అంది. నాకే డౌటొచ్చేసింది బావా, నానెవుడ్నా అని."

"నువ్వేటన్నావ్?"

"ఆల్ల సుట్టాన్నమ్మా, సూడ్డానికొచ్చానన్నాను."

"మరి డాట్రు ఏటన్నాడు సెయ్యికి?"

"రెండు వారాల్లో ప్లేటు పడాలట. నేపోతే వంకరగా అతుక్కుపోద్దట" అని, నా మంచం కింద సీసా వైపు చూసి, "ముందు నీ గొట్టం తియ్యనీ. సెయ్యెక్కడికి పోద్ది" అన్నాడు.

అప్పుడే నర్సు సూదిమందు ట్రే పట్టుకుని వచ్చి, "ఎల్లాజీ!" అని పిలిచింది.

ఇద్దరం తలెత్తాం.

"ఏంటి, ఇద్దరూ చూస్తున్నారు? ఎవరు ఎల్లాజీ?"

"నేనేనండీ" అన్నాను.

బావ తల దించుకుని, "నాను ఆడి బావనండి" అన్నాడు.

నర్సు నా చెయ్యి పట్టుకుని సూది పొడిచింది. బావ తన విరిగిన చేతి వేళ్లని రెండో చేత్తో మెల్లగా నిమురుకుంటున్నాడు. ఆ వేళ్లు వాచి వంకాయల్లా ఉన్నాయి. ఆయన వెళ్తానని లేచినప్పుడు నేను ఒక మాటన్నాను. "సూద్దాంలే బావా" అన్నాను. ఏం చూద్దామని? ఆ రోజు నిజం చెప్పడానికి నాకు నోరుంది, ఊపిరి కూడా ఉంది. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను.

సాయంత్రం సత్యవతికి చెప్పాను. "నోరు మెదపకు. గొట్టం ఉండగా గెంటేత్తే నిన్నెక్కడికి తీస్కెల్తాను? పోలీసు కేసు పెడితే?" అంది. అని వరండాలోకి వెళ్లి ఏడ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. అది చెప్పింది నేను వినాలనుకున్న మాటే.

ఆ తర్వాత రోజులు రెండు లెక్కలతో గడిచాయి. నా గొట్టానికి ఇంకా ఇన్ని రోజులు, బావ చేతికి ఇంకా ఇన్ని రోజులు. రెండూ పక్కపక్కనే నడిచేవి. అక్క క్యారేజీ మాత్రం ఆగలేదు. ఆమెకి అంతా తెలుసు. తెలిసీ పులుసు వడ్డించేది. కాకపోతే ముద్ద పెద్దది చెయ్యమని కసరడం మానేసింది. ఆ కసురు లేని అన్నం నాకు గొంతు దిగేది కాదు.

ఒక రోజు పొద్దున్నే డేవిడ్ గారు మంచం మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఆయన భార్య కోసం, పిల్లల కోసం, వార్డులో అందరి కోసం. తర్వాత నా వంతొచ్చింది. "ప్రభువా, ఈ ఎల్లాజీ ఊపిరి నిలబెట్టు తండ్రీ. ఎల్లాజీని నీ చేతుల్లో పెడతన్నాను" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నాకోసం ఒక మనిషి దేవుణ్ణి బతిమాలుతున్నాడు, అదీ నాది కాని పేరుతో. ఎల్లాజీకి కావలసింది ఊపిరి కాదు, చెయ్యి. ఆగలేక మొత్తం చెప్పేశాను. చెబుతుంటే దగ్గు, సీసాలో బుడగలు.

ఆయన కాలి కట్టు సర్దుకున్నారు. తర్వాత, "దేవుడికి అడ్రసు తెల్సులే బ్రదరూ. కింద కౌంటర్లో ఉన్నావిడికే తెలీదు. ఆవిడికి నువ్వే సెప్పాల" అన్నారు.

"గొట్టం తీసాక సెప్తానండి."

"సెయ్యి అప్పటిదాకా ఆగుతాదా?"

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. డేవిడ్ గారు మళ్లీ ఆ మాటెత్తలేదు. టీ మూత మాత్రం రోజూ నా వైపు చాపుతూనే ఉన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మే మొదటి వారం

గొట్టం తీశారు. బావ నా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న రోజు నుంచి లెక్కపెడితే పదమూడు రోజులు. గొట్టం తీసిన మర్నాడు నేను మెట్లు దిగి కౌంటరు దగ్గరికి వెళ్లాను. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. నేను చేసింది దానికంటే అన్యాయం. నా ఏరు దాటేదాకా తెప్ప యజమానిని నీళ్లలో నిలబెట్టాను.

కౌంటర్లో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు ముక్కు మీదకి జారి ఉంది. "అమ్మా, నేను ఎల్లాజీని కాదండి" అన్నాను. కౌంటరు అంచు పట్టుకున్నాను. పోలీసుని పిలుస్తుందనుకున్నాను.

"కూర్చోండి ముందు. పడిపోయేలా ఉన్నారు" అంది.

మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపి అడిగింది. "ఈ ఆరేళ్లూ జీతంలోంచి బీమా కోత పడింది ఎవరి కష్టం మీద?"

"నా కష్టమేనండి."

"మరి ఇదేదో దానం అనుకున్నారా? మీ చెమటకి వచ్చే హక్కు ఇది. మీ పేరున నమోదు చెయ్యాల్సింది యార్డువాళ్లు. చెయ్యకపోతే వచ్చి ఫిర్యాదు ఇవ్వాల్సింది మీరు. హక్కున్న మనిషి దొంగలాగ వచ్చి పడుకోవడమేంటండీ?"

"నిజం చెబితే గొట్టంతోనే గెంటేస్తారనుకున్నానండి."

"ఎవరు చెప్పారు అలాగని?"

ఎవరూ చెప్పలేదు. ఆలోచించి చూస్తే ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు. నేనే అనుకున్నాను, సత్యవతి అనుకుంది, ఇద్దరం కలిసి దాన్ని నిజం చేసేసుకున్నాం.

"అంత జబ్బు మనిషిని ఎవరైనా గెంటుతారా? ఆయన చెయ్యి విరిగి వచ్చిన రోజే మీరు చెప్పుంటే కాగితాల తిప్పలు మేం పడేవాళ్లం. వైద్యం ఆగేది కాదు, మీదీ, ఆయనదీ" అంది. గొంతు పెంచలేదు. తర్వాత మెల్లగా, "ఆయన్ని రేపే తీసుకురండి" అంది.

బావ రెండు రోజులకి వచ్చాడు. ఎక్స్‌రే తీసి చూశారు. రెండు వారాలు దాటుతున్నాయని, ఇక ఆగలేక, ఆయన ఈలోగానే తగరపువలస వెళ్లి ఎవరో నాటు కట్టు కట్టేవాడి చేత బిగించుకొచ్చాడట. ఎముక అతుక్కోవడం మొదలుపెట్టింది, వంకరగా. మళ్లీ విరిచి ప్లేటు వెయ్యొచ్చుగాని పాత పట్టు వస్తుందని చెప్పలేమన్నాడు డాక్టరు.

"సాల్లెండి బాబూ. ఒక్కసారి ఇరిగింది సాలు" అన్నాడు బావ.

మేలో తర్వాత రోజులు

డిశ్చార్జి అయ్యాక నాలుగు రోజులు అక్క ఇంటికి వెళ్లలేదు. ముఖం చెల్లలేదు. ఐదో రోజు పూర్ణా మార్కెట్లో బత్తాయిలు కొని పట్టుకెళ్లాను. చెయ్యి విరిగిన మనిషి దగ్గరికి బత్తాయిలు! ఇంకేం పట్టుకెళ్లాలో తెలీలేదు.

బావ ఇంట్లో లేడు. అక్క గడప మీద కూర్చుని ఎండు చేపలు తిరగేస్తోంది. మంచినీళ్లిచ్చింది. నా మొహం చూడలేదు.

"అక్కా, తప్పయిపోయింది" అన్నాను.

"ఏ తప్పు?" అంది. "ఒక్కటా? రెండేల్లయ్యింది మా బియ్యం కార్డు ఆగిపోయి. నిషేదం రోజుల్లో గవర్మెంటోల్లిచ్చే బత్తెం ఊరందరికీ వచ్చింది, మాకు రానేదు. ఆఫీసుకెల్తే, నీ మొగుడికి ఉజ్జోగమున్నాదమ్మా, నెలనెలా జీతం పడతన్నాది, బీమా కోత్తన్నారు అన్నారు. ఏ ఉజ్జోగం? ఎక్కడి జీతం? ఇంటికొచ్చి ఈయన్నడిగితే ఏటన్నాడో తెల్సా? 'నూకరాజుకి సెప్పకు. ఆడికి పని పోద్ది' అన్నాడు."

నేను చేతిలో నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"నా మొగుడి పేరు ఆరేల్లు తిన్నావురా తమ్ముడా. పేరు తింటే తిన్నావు, బతికావు, నాకు సంతోసమే. నువ్వు సచ్చిపోయుంటే ఆయన పేరునే సచ్చిపోదువు, నాను బతికున్న మొగుడికి ముండమోపినయ్యేదాన్ని. అది కూడా నవ్వుకున్నాం ఇద్దరం. గానీ సెయ్యి ఇరిగినప్పుడు ఒక్క మాట సెప్పనేకపోయావా? 'ఎల్లాజీ ఈయనండీ' అని, ఒక్క మాట?"

ఆమె బత్తాయిల సంచీ లోపలికి తీసుకెళ్లి, ఒకటి కోసి తెచ్చి నా చేతిలోనే పెట్టింది. "తిను. రకతం పడతాది" అంది. నేను ఏడ్చేశాను. ఆమె చేపలు తిరగేసుకుంటూ ఉంది.

నిషేధం బత్తెం అంటే ఎవరో జాలిపడి వేసే ముష్టి అని నేను అనుకునేవాణ్ణి. యార్డులో కూర్చుని, 'మీ జాలారోల్లకేటి, ఇంట్లో కూకోబెట్టి డబ్బులిత్తారు' అని వెటకారం కూడా చేసినట్టు గుర్తు. చేప బతకాలని మనిషిని వేట మానిపించినప్పుడు, ఆ మనిషి కూడా బతకాలి కదా. ఆ హక్కునే నేను రెండేళ్లు ఆయన నోటి దగ్గరనుంచి లాక్కున్నాను, లాక్కున్నానని తెలియకుండా. తెలియకపోవడం కూడా తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది.

మీలో ఎవరైనా ఇంకొకరి పాసు మీద పని చేస్తుంటే, రేపు పని మానేసి వెళ్లి మీ పేరున పెట్టించుకోండి. మేస్త్రీ గొణిగితే గొణగనివ్వండి. ఒళ్లు బాగున్నప్పుడు పేరు ఎవరిదైతేనేం అనిపిస్తుంది. జబ్బు చేసినప్పుడే తెలుస్తుంది, మీరు ఇంకొక మనిషి మంచం మీద పడుకున్నారని.

జూన్

బీమా ఆఫీసులో నా ఫిర్యాదు తీసుకున్నారు. యార్డు మేస్త్రీ మాకేం తెలీదన్నాడు, నన్ను పనిలోంచి తీసేశారు. ఇప్పుడొక అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాను, నా పేరుతోనే. ఎవరైనా "నూకరాజూ" అని పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా పలుకుతాను. మెట్లెక్కితే ఆయాసమొస్తుంది, అంతకు మించి ఇబ్బందేమీ లేదు. ఆరేళ్ల కోత నా పేరుకి మారుస్తారా లేదా అన్నది ఇంకా తేలలేదు.

తేలాల్సింది ముందు బావది. ఆయన ఉద్యోగి కాదని బీమా ఆఫీసు రాసిస్తే బియ్యం కార్డు తిరిగొస్తుంది, వచ్చే నిషేధానికి బత్తెం వస్తుంది. దానికి ఆయన స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నారు. నిషేధం ముగిసి తెప్పలన్నీ నీళ్లలోకి దిగిన వారంలో మేమిద్దరం వెళ్లాం. ఆయన వాటా తెప్ప కూడా దిగింది, ఆయన లేకుండా.

ఆఫీసరు కుర్రాడు, మర్యాదస్తుడే. కాగితం చదివి వినిపించాడు: నేను సదరు యార్డులో పదకొండు రోజులు మాత్రమే పనిచేశాను, తర్వాతి సంతకాలు నావి కావు. "ఇక్కడ సంతకం పెట్టండి" అని బావ ముందుకి జరిపాడు.

బావ చొక్కా జేబులోంచి సొంత పెన్ను తీశాడు. కొత్తది. దీనికోసమే కొనుక్కున్నట్టున్నాడు. కుడిచేతి వేళ్ల మధ్య దాన్ని ఎడమచేత్తో ఇరికించుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని గీశాడు. 'ఎ' ఒక్కటే కొంచెం వచ్చింది. మిగతాది వణికి, పక్కకి పోయింది. తోక అసలు రాలేదు.

ఆఫీసరు యార్డు నుంచి తెప్పించిన రిజిస్టరు తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆరేళ్ల పేజీలు. ప్రతి రోజూ ఒక సంతకం, ప్రతి సంతకానికీ చక్కగా రెండు పాయల తోక.

"ఇది కలవడం లేదండీ" అన్నాడు.

"కలవదు బాబూ" అన్నాడు బావ. నా వైపు తిరిగి నవ్వాడు. వెక్కిరింపు లేదు ఆ నవ్వులో, అదే నాకు భరించరానిదయింది. "నువ్వెట్టు బావా. నీదే కలుత్తాది" అని పెన్ను నా వైపు చాపాడు.

నేను పెన్ను పుచ్చుకోలేదు. "అవన్నీ నా సంతకాలండి. పదకొండు రోజులు తప్ప. ఈయన పెట్టింది ఇదే, ఇప్పుడు పెట్టిందే అసలుది" అన్నాను. అది వేరే కాగితం మీద రాసి కింద 'నూకరాజు' అని సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నా సంతకానికి తోకలేమీ లేవు.

బావ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. ఆఫీసరు సిరా పెట్టె తెరిచి జరిపాడు. "పోనీ ఎడమ బొటనవేలు వెయ్యండి. ఇబ్బంది ఉండదు" అన్నాడు. దయతోనే అన్నాడు.

బావ కదల్లేదు. వేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తించింది నేనే. ఆఫీసరు, వేలిముద్ర వేసేవాళ్లకి రాసినట్టే, ఆ ముద్ర చుట్టూ పెన్నుతో రాశాడు: ఎల్లాజీ నిశాని.

బావ తల వంచి చదువుకున్నాడు.

"బాబూ, నాకు సంతకం వచ్చండి" అన్నాడు, మెల్లగా.